తార్నాకకు మా వదినె ఎందుకు తీసుకెళ్లినట్టు?

హైదరాబాద్ చూడటానికి వెళ్లేవాళ్లు చార్మినార్ పక్కనో, ట్యాంక్‌బండ్ పక్కనో దిగుతారు. డబ్బున్నవాళ్లు గచ్చిబౌలి అద్దాల మేడల్లో దిగుతారు. తార్నాకలో హోటల్ తీసుకుని రెండు రోజులు సరదాగా గడిపి వచ్చామంటే మా స్టాఫ్‌రూములో ఒక్కరూ నమ్మలేదు. "అక్కడ చూడనీకి ఏమున్నది మేడం?" అన్నారు. వెళ్లే ముందు నేనూ మా వదినెను అదే అడిగాను. ఆమె చెప్పిన జవాబు నాకు నచ్చలేదు. అనుమానంతోనే రైలెక్కాను, అనుమానంతోనే ఊరంతా తిరిగాను. చదివేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

నేను పెద్దపల్లిలో సర్కారు బడి టీచర్ని, బయాలజీ చెప్తాను. ఏళ్ల తరబడి పదో తరగతి పరీక్షలకు కాపలా కాసి కాసి, పిల్లవాడు దగ్గినా నాకు చిట్టీయే కనిపిస్తుంది. మా ఆయనైతే, "దేవుడు ప్రత్యక్షమైనా నువ్వు ఆధార్ అడుగుతవ్" అంటాడు. అడిగితే తప్పేముంది?

మా వదినె విజయ, మా అన్న భార్య. మంచిర్యాలలో చిన్న గాజుల దుకాణం నడుపుతుంది. పిల్లలు లేరు. మా అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు, మూడేళ్ల కిందట అన్న కూడా పోయాడు. ఇప్పుడు నాకు పుట్టిల్లంటే వదినె ఒక్కతే. పండుగకు నేను బస్సు దిగి వెళ్తే గుమ్మంలో నిలబడి కాళ్లకు నీళ్లిస్తుంది. నాకిష్టమని సర్వపిండి చేసి పెడుతుంది. నాకు యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, అయినా ఆ గుమ్మం దాటగానే చిన్నపిల్లనైపోతాను. ఆ ఒక్కటీ లేకపోతే ఈ లోకంలో నేను టీచర్ని, తల్లిని, ఒకరి భార్యను. ఎవరి ఇంటి ఆడపిల్లనూ కాను.

ఇలా ఉండగా వదినె పక్కింటామె నాకు ఫోన్ చేసింది. "మీ వదినె ఇంటికి రంగులేపిస్తున్నది. మొన్న ఎవరో సారు వచ్చి ఇల్లంతా తిరిగి చూసి పోయిండు. అమ్ముతదో ఏమో" అంది. ఇల్లు వదినె పేరు మీదే ఉంది, అమ్మితే అడగడానికి నాకు నోరు లేదు. వాటా కోసం కాదు నా బాధ. ఆ ఇల్లు పోతే వచ్చే బతుకమ్మకు నేనెక్కడికి వెళ్లాలి?

సరిగ్గా అదే వారం వదినె ఫోన్. "సునీతా, నీకు వరుసగా సెలవులున్నయ్ గద. హైదరాబాద్ పోయి రెండు దినాలు తిరిగొద్దాం. హోటల్ల ఉందాం."

హోటల్లోనా! హైదరాబాద్‌లో చుట్టం లేని ఇల్లు మా వైపు ఒక్కటీ ఉండదు. చుట్టాలుండగా హోటల్లో దిగామని తెలిస్తే మళ్లీ మా ముఖం చూడరు. మా చిన్నమ్మ కొడుకు మల్కాజ్‌గిరిలోనే ఉన్నాడు, స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆ మాటే అంటే వదినె, "వాళ్లకెందుకే తిప్పలు" అంది. పదిమందికి వండిపెట్టే మనిషి, తాను ఎవరింటికి వెళ్లినా వంటింట్లో దూరే మనిషి, ఒకరి తిప్పల గురించి ఎన్నడూ అనుకోలేదు. చుట్టాలకు తెలియకూడని పనేదో ఉందన్నమాట. వెళ్లి తేల్చుకుందామని సరేనన్నాను.

హోటల్ వేట

హోటల్ చూసే పని నాకప్పగించింది. నాంపల్లి దగ్గర ఒకటి చూపిస్తే వద్దంది. అబిడ్స్ వద్దంది, చార్మినార్ దగ్గరైతే రద్దీ అంది. "తార్నాకల చూడు. యూనివర్సిటీ క్యాంపస్ పక్కనే ఉంటది, మంచిగ చెట్లుంటయ్. మీ అన్న చదివిన జాగ గద, ఒకసారి చూస్త" అంది. అన్న పేరెత్తగానే నా నోరు మూతపడుతుందని ఆమెకు తెలుసు. అన్న బతికున్న రోజుల్లో ఏనాడూ చూస్తాననలేదే?

ఫోన్లో హోటళ్లు చూడటం మొదలుపెట్టాను. మూడు హోటళ్ల ఫొటోల్లో ఒకటే ఈతకొలను! అదే నీలం నీళ్లు, ఒడ్డున అదే కుర్చీ. ఇంకో హోటల్ కింద మెచ్చుకోళ్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి, ముందు బెంచీవాడి పేపర్ చూసి వరసంతా దించినట్టు. ఎవరికి చెవిలో పువ్వులు పెడతారు? చివరికి ఒక దాని కింద ఎవరో, "బాత్‌రూములో నల్లా కారుతోంది, చెప్పినా బాగు చేయలేదు" అని తిట్టి పోశారు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. తిట్టు రాయడానికి ఎవరూ డబ్బులివ్వరు కదా. ఆ హోటలే తీసుకున్నాను.

హోటల్ ఎంచుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే. పొగడ్తలు దాటేసి తిట్లు చదవండి. అందులో మీరు భరించగలిగింది ఏదో చూసుకోండి.

కౌంటర్ దగ్గర

మంచిర్యాల నుంచి వదినె, పెద్దపల్లిలో నేను, ఒకే బండి ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. ఆటోవాడు అడ్డదిడ్డంగా తిప్పుతాడేమోనని దారి పొడుగునా ఫోన్లో మ్యాప్ పట్టుకుని కూర్చున్నాను. వాడు అద్దంలో నన్ను చూసి, "ఫికర్ చెయ్యకు మేడం, మీ ఫోన్ చెప్పిన తొవ్వల్నే పోతున్న" అన్నాడు. నిజంగానే అలాగే పోయాడు. అయినా దిగాక మరోసారి చూసుకున్నాను.

హోటల్ మెయిన్‌రోడ్డు మీద నుంచి లోపలికి ఒక గల్లీలో ఉంది. కౌంటర్లో కూర్చున్న పెద్దాయన మా ఆధార్ కార్డులు తిప్పి తిప్పి చూశాడు.

"పెండ్లికొచ్చిన్రా, దవాఖానకా, పిల్లల పరీక్షనా?"

"ఊరు చూడనీకి వచ్చినం" అన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "తార్నాకలనా?"

"ఏం, చూడొద్దా?"

"చూడొచ్చు తియ్యి. మీరిద్దరు అక్కచెల్లెండ్లా?"

"వదినా ఆడిబిడ్డలం" అంది వదినె.

"వదినా ఆడిబిడ్డలు కలిసి టూరొచ్చిన్రా!" ఆయన పెన్ను కింద పెట్టి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఇన్నేండ్లల్ల నేనైతే చూడలే."

నన్ను ఒకరు అనుమానించడం నాకు కొత్త. ఒళ్లు మండింది. వదినె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గది పరవాలేదు. నల్లా నిజంగానే కారుతోంది, అంటే రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. దుప్పట్లు వాసన చూశాను. అద్దం వెనక, గోడ గడియారం వెనక, ఫ్యాను మీద, ఎక్కడైనా కెమెరా పెట్టారేమోనని ఫోన్ లైటు వేసి వెతికాను. బయటికి వెళ్లేటప్పుడు వాళ్ల తాళాన్ని నమ్మకుండా, ఇంటి నుంచి తెచ్చిన నా తాళం తలుపు గొళ్లేనికి వేశాను. మా వైపు వాళ్లం ఎంత పెద్ద సత్రంలో దిగినా సొంత తాళం వేసుకుంటాం, అందులో వింతేముంది?

"ఈ హోటల్ అంతా నీ ఒక్క బ్యాగు కోసమే కట్టిన్రనుకుంటున్నవా?" అంది వదినె.

క్యాంపస్‌లో మొదటి సాయంత్రం

క్యాంపస్ గురించి నేనెంత చెప్పినా తక్కువే. గేటు దాటగానే రోడ్డు మీది హారన్లు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోతాయి. రోడ్డుకు రెండు వైపులా చెట్లు. ఆ పాత కాలేజీ భవనం ముందు నిలబడితే మెడ పైకెత్తి చూడాల్సిందే. గులాబీ రంగు రాయి, ఎత్తైన కమాను, వెడల్పాటి మెట్లు. మా బడికి ప్రహరీ గోడ మంజూరు కావడానికే నేను చేరిన ఏడు నుంచి ఎదురుచూస్తున్నాం. ఇంత రాయి తెచ్చి ఇంత అందంగా ఎట్లా కట్టారో!

చెట్ల కింద ఎక్కడ చూసినా పుస్తకాలు పట్టుకున్న పిల్లలు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్లు. ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని, మమ్మల్ని చూసి తనంతట తానే, "ఆంటీ, బ్యాగులు గీడ పెట్టి పోయి చూసి రాండ్రి, నేను చూస్త" అంది. నేను బ్యాగు ఇంకొంచెం చంకలోకి లాక్కున్నాను. బెల్లంపల్లి పిల్లట, పేరు మౌనిక. అడిక్‌మెట్‌లో నలుగురు కలిసి ఒక రూము తీసుకున్నారట.

"రూముల చదువుకోవచ్చు గద?" అన్నాను.

"రూముల మంచాలే పడతయ్ ఆంటీ, మేం పట్టం" అంది నవ్వుతూ.

మా ఊరి దిక్కు పిల్ల కాబట్టి సంచీలోంచి సకినాలు తీసిచ్చాను. బ్యాగు మాత్రం ఇవ్వలేదు.

అసలు సంగతి అది కాదు. కాలేజీ నుంచి వెనక్కి వస్తూ వదినె మెయిన్ గేటు వైపు కాకుండా చెట్ల మధ్య కాలిబాట పట్టింది. అటూ ఇటూ చూడకుండా నడిచింది. కాసేపట్లో మేం తార్నాక రోడ్డు మీద తేలాం.

"ఈ తొవ్వ నీకెట్ల తెలుసు వదినె?"

"బోర్డు చూసిన."

నేను వెనక్కి తిరిగి చూశాను. బోర్డూ లేదు, గీర్డూ లేదు.

దుకాణం సరుకు కోసం ఆమె రెండు మూడు నెలలకోసారి బేగంబజారు వస్తుంది, అది నాకు తెలుసు. బేగంబజారుకూ ఈ చెట్లకూ ఏం సంబంధం? అంటే సరుకు పేరు చెప్పి తార్నాకలో తిరుగుతోందన్నమాట. మంచిర్యాల ఇల్లు అమ్మి ఇక్కడ ఫ్లాటు కొంటోంది! నాకు నడుస్తున్న రోడ్డు కనిపించలేదు.

మిర్చి బండి

మెట్రో స్టేషన్ దాటాక ఒక మిర్చి బజ్జీల బండి ఉంది. ఇక్కడ బజ్జీని చీల్చి ఉల్లిగడ్డ కూరి నిమ్మకాయ పిండి ఇస్తారు. మా దగ్గర వేడి వేడి బజ్జీ కాగితంలో పెట్టి చేతికిస్తారు, అంతే. ధర మాత్రం మా దగ్గరికి రెట్టింపు. నూనె ఎన్నిసార్లు కాగిందో చూద్దామని నేను కడాయిలోకి వంగాను. బండి నడిపే ఆమె నన్ను పట్టించుకోకుండా వదినెను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"ఏమక్కా, మంచిగున్నవా? సారు రాలేదా ఇయ్యాల?"

వదినె చేతిలో బజ్జీ ఆగిపోయింది. "ఎవలనుకుంటున్నవో" అని గొణిగి, డబ్బులిచ్చి, నా మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

సారు! పక్కింటామె ఫోన్లో చెప్పిందీ సారు గురించే. ఇక్కడా సారే. ఇల్లు అమ్మిపెట్టే బ్రోకర్ వాడే, ఫ్లాటు చూపించేదీ వాడే అయివుంటాడు. ఒంటరి ఆడమనిషి అని పట్టుకుని రెండు చేతులా తింటున్నాడు. నాకు వదినె మీద కోపం, ఆమె గురించి భయం, రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ కోపంలో హోటల్‌కు వచ్చి చూసుకుంటే నా తాళంచెవి గది లోపలే ఉండిపోయింది. బట్టల బ్యాగు పక్క జేబులో పెట్టి మరిచాను. కౌంటర్ పెద్దాయన స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి గొళ్లెం మరలన్నీ ఊడదీస్తూ, "మా తాళంకేమైంది మేడం, మంచిగనే ఉండె గద" అన్నాడు. వదినె కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అన్న పోయాక ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. నాకూ నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఈమెకు ఇంత హుషారు ఎక్కడి నుంచి వస్తోందో ముందు తెలియాలి.

పొద్దుటి నడక

మర్నాడు పొద్దున్నే క్యాంపస్‌లో నడుద్దామంది. సరే అంటే, నడకకు కొత్త మామిడిపండు రంగు చీర కట్టింది! మెడలో సన్నటి గొలుసు. నేను పాత పంజాబీ డ్రెస్సూ, చెప్పులూ.

పొద్దున క్యాంపస్ నడిచేవాళ్లదే. రిటైరైన వాళ్లు జట్లు జట్లుగా చేతులూపుకుంటూ, రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. మా దగ్గర ఇలా ఊరికే నడిస్తే ఎక్కడికి పోతున్నావని పదిమంది అడుగుతారు. ఒక మలుపులో బెంచీ మీది నుంచి ఒకాయన లేచి నిలబడ్డాడు. అరవై దాటి ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు, చేతిలో మడిచిన మంకీ క్యాపు. నడిచే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకు?

"నమస్తే మేడం" అన్నాడు నాతో. వదినెతో ఏమీ అనలేదు.

"ఈయన ప్రభాకర్ సారు" అంది వదినె. "రైలుబండిల పరిచయం. రైల్వేల గార్డు చేసి రిటైర్ అయిండు."

ఇదే ఆ సారు! నేను పైనుంచి కిందికి చూశాను. ఆయన మాతో కలిసి నడవడం మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న పాత మెట్ల బావిని చూపిస్తానని తీసుకెళ్లాడు. ఏళ్ల తరబడి చెత్తతో నిండి ఉండేదట, ఈ మధ్య బాగు చేశారట. లోపలికి దిగుతున్నకొద్దీ చల్లగా ఉంది, అడుగున పచ్చటి నీళ్లు. అంత మంచి చోట ప్రశాంతంగా నిలబడనిస్తేనా? ఆయన నోరు ఆగలేదు.

"మా దిక్కు నీళ్లకు తిప్పల లేదు మేడం. మంజీర నీళ్లు టైముకొస్తయ్. కరెంటు పోదు. దవాఖాన దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర, మెట్రో అయితే ఇంటి ముందట్నే అనుకోండ్రి. మా ఇల్లు తూర్పు ముఖం. రెండు దిక్కుల గాలొస్తది."

అచ్చు బ్రోకరే. అనుమానం లేదు.

"ఎలుకలు ఉన్నయా?" అన్నాను.

ఆయన తడబడ్డాడు. "ఎలుకలా? లేవు మేడం. ఉంటే... మందు పెట్టిస్త."

"ఒకసారి ఇల్లు చూసి పోండ్రి. అన్నం కూడ గాడ్నే" అన్నాడు చివరికి. వదినె చేతిలో కొంగు కొస మెలిపెడుతోంది. చూద్దాం, ఈ మనిషి పప్పులు నా ముందు ఉడకవని అనుకుని, "నడువుండ్రి" అన్నాను.

ప్రభాకర్ ఇల్లు

తార్నాకలో గల్లీలకు నంబర్లు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఆయన ఇల్లు పాత కాలపు రెండంతస్తుల మేడలో పైభాగం. మెట్ల మీద కుక్కలు రెండు పడుకుని ఉన్నాయి, ఆయన వస్తుంటే తోకలాడించాయి. హాలు తుడిచి, తుడిచి మెరుస్తోంది. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఆయన కూర్చోలేదు. వంటింటి తలుపు తీసి చూపించాడు. నల్లా తిప్పి నీళ్లు చూపించాడు. బాల్కనీలో తులసి చెట్టు చూపించాడు. గోడ మీద దండ వేసిన ఒకావిడ ఫొటో ఉంది, ఆయన భార్య అట. బిడ్డకు పెండ్లై విశాఖపట్నంలో ఉందట. అన్నీ అడగకుండానే చెప్తున్నాడు. అమ్మేవాడు ఇన్ని సొంత సంగతులు చెప్తాడా అని కొంచెం తేడాగా అనిపించింది గాని నేను తగ్గలేదు.

"మంచిగనే ఉన్నది సారు. ఇప్పుడు మాటలెందుకు, ఎంతకిస్తరో చెప్పుండ్రి."

ఆయన నోరు తెరిచి వదినె వైపు చూశాడు.

వదినె కుర్చీలోంచి లేచి నా ముందుకు వచ్చి నిలబడింది. "సునీతా, ఇల్లు కొననీకి రాలేదే మనం. ఇంటిని, మనిషిని చూసి చెప్తవని తోల్కొచ్చిన నిన్ను" అంది.

ఇస్త్రీ చొక్కా, మంజీర నీళ్లు, తూర్పు ముఖం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. పెండ్లికొడుకు! ఆ పెద్దమనిషి పొద్దుటి నుంచి పిల్ల తరఫువాళ్ల ముందు తన ఇంటి గొప్పలు చెప్పుకుంటున్నాడు, నేను ఎలుకల లెక్క అడిగాను.

సిగ్గుకంటే ముందు కోపం వచ్చింది. "ఇంత దూరం మోసం చేసి తెస్తవా? ఇంట్ల చెప్పొద్దా నాకు?"

"చెప్తే వస్తుంటివా?"

"రాకపోతుంటి!"

"అందుకే చెప్పలే."

ప్రభాకర్ మెల్లగా వంటింట్లోకి వెళ్లిపోయాడు. వదినె గొంతు తగ్గించింది. "మీ అన్న సంబంధం వచ్చినప్పుడు మా మేనమామలు నలుగురు పోయి మీ ఇల్లు చూసొచ్చిన్రు. బావిల నీళ్లు తాగి చూసిన్రు. ఇప్పుడు నాకెవలున్నరే? మా అవ్వ లేదు, మామలు లేరు, తోడబుట్టినోళ్లు లేరు. నా దిక్కు నుంచి ఒక మనిషి వచ్చి చూడాలె గద. ఒక్కదాన్నే వచ్చి ఒప్పుకుంటే దిక్కులేని దాని తీరు అయితది. నాకు నువ్వే యాదికొచ్చినవ్."

"నేను మా అన్న దిక్కు మనిషిని."

"తెలుసు. గందుకే భయపడ్డ."

నేను బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అన్న గుర్తొచ్చాడు. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఎలా పొద్దుపుచ్చిందో నేను పండుగలకు తప్ప ఎప్పుడూ చూడలేదు. వెళ్లి సర్వపిండి తిని, కడుపు నింపుకుని, బస్సెక్కి వచ్చేదాన్ని. ఇప్పుడామె ఇక్కడికొచ్చేస్తే ఆ గుమ్మంలో ఎవరు నిలబడతారు? వద్దని చెప్తే వింటుంది, నాకు తెలుసు. నా ఒక్క మాట మీద ఆగిపోతుంది. ఆగిపోయి, ఆ ఇంట్లో మళ్లీ ఒక్కతే కూర్చుంటుంది. నా కోసం.

వదినె వెనక నుంచి వచ్చి, "మంచిర్యాల ఇల్లు అమ్మనే. మొన్న సారొచ్చింది ఉత్తగ చూడనీకే. రంగులేపిచ్చి, తాళమేసి నీకే ఇస్త" అంది.

"ఉత్త ఇంటికి ఎవలు పోతరు వదినె? గోడలకు మొక్కనీకా?" అన్నాను కోపంగా.

వాకబు

ముఖం కడుక్కుని, చెప్పులేసుకుని కిందికి దిగాను. పిల్ల తరఫువాళ్లు చేయాల్సిన పని ఇల్లు చూడటంతో అయిపోదు. ఇరుగుపొరుగును అడగాలి. పరీక్షల కాపలాతో వచ్చిన నా అనుమానానికి ఇన్నేళ్లకు సరైన పని దొరికింది, వదులుతానా?

కింది వాటా ఆమె మెంతికూర తెంపుతోంది. తాగుతాడా, రాత్రిళ్లు ఎవరైనా వచ్చిపోతారా, కోపమెక్కువా అని నిలబెట్టి అడిగాను.

"తాగుడు లేదు, గీగుడు లేదు. కుక్కలతోనే పరేషాన్" అంది ఆమె. "గల్లీ కుక్కలన్నిటికి అన్నం పెడతడు. అవి మా మెట్ల మీద్నే పంటయ్. ఎన్నిసార్లు కొట్లాడిననో. తిరిగి ఒక్క మాటనడు. మళ్ల పొద్దున అన్నం పెట్టుడే."

గల్లీ చివర కిరాణా దుకాణంలోనూ అడిగాను. భార్య మంచాన పడ్డప్పుడు రెండేళ్లు ఈయనే వండి తినిపించాడని చెప్పాడు దుకాణదారు. ఎవరైనా చెప్పించి ఉంటారా అని ఇస్త్రీ బండి దగ్గర ఇంకోసారి అడిగాను. అక్కడా కుక్కల సంగతే చెప్పారు. కుక్కలు తప్ప ఇంకే తప్పూ దొరకనందుకు నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

తిరిగి పైకి వచ్చేసరికి అన్నం వడ్డించి ఉంది. ఇద్దరూ తినకుండా కూర్చున్నారు, పరీక్ష రాసి ఫలితం కోసం చూసే పిల్లల్లా. ప్రభాకర్ లేచి నిలబడ్డాడు.

"మీ బిడ్డకు తెలుసా?" అన్నాను.

"ముందుగాల ఆమెకే చెప్పిన మేడం. మంచిపని అన్నది."

"బీపీ, షుగరు?"

"బీపీ ఉన్నది. గోలీ వేసుకుంట."

"దుకాణం నడుపుకునే మనిషి మా వదినె. గీడకొచ్చి ఇంట్ల కూసోదు."

"నేనెందుకు కూసోమంట? గీడ్నే గాజుల దుకాణానికి మడిగె చూస్తున్న ఆమెకు."

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. గట్టిగా అన్నాను. "అయితే ఒక్క మాట. బతుకమ్మ పండుగకు ఆమెను మా ఇంటికి పంపాలె. ఏడాదేడాదికి పంపాలె. మీరు తోల్కొచ్చుడు కాదు, నేనే వచ్చి తీస్కపోత."

ప్రభాకర్‌కు అర్థం కాలేదు. "మీ ఇంటికా? పండుగకు మీరే వదినె ఇంటికి వచ్చేటోళ్లు గద మేడం?"

"అది ఆమె మా ఇంటి కోడలు ఉన్నప్పటి మాట. ఇప్పుడు పిల్లనిస్తున్నది మేము. పిల్లనిచ్చినోళ్ల ఇంటికే పండుగకు వస్తది."

వదినె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అన్న పోయిన రోజున కూడా పదిమందిలో పళ్ల బిగువున ఏడుపు ఆపుకున్న మనిషి, ఆ పరాయి హాల్లో వెక్కి వెక్కి ఏడ్చింది. దగ్గరికి తీసుకున్నాను. చాలాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకుని, నవ్వీ నవ్వని గొంతుతో అడిగింది.

"వస్త గని, ఎన్ని దినాలు ఉండనిస్తవే నన్ను మీ ఇంట్ల?"

"పుట్టింటికొచ్చిన ఆడపిల్లను ఎప్పుడు పోతవని ఎవలన్న అడుగుతరా వదినె?" అన్నాను.